మెడనొప్పికి చేతి మర్దన: తూకం, గడియారం, చీటీలతో ఒక ప్రాజెక్టు డైరీ

మా అత్తగారికి డెబ్బై దాటాయి. మెడ, భుజాల పైభాగం ఏళ్ల తరబడి బిగుసుకుపోయి ఉంటాయి, ఉదయం లేవగానే తల కుడివైపు తిప్పడం కష్టమవుతుంది. మెడ ఎముకల అరుగుదల తప్ప భయపడవలసినది ఏదీ లేదని ఎముకల వైద్యుడు పరీక్షించి చెప్పారు. తేలికపాటి మర్దనకు అభ్యంతరం లేదని కూడా అన్నారు. ఇంట్లో, శిక్షణ లేని చేతులతో చేసే మర్దన ఈ నొప్పిని నిజంగా తగ్గిస్తుందా, తగ్గిస్తే ఒత్తిడి, కదలిక, ఊరికే చేయి తగలడం అనే మూడింటిలో ఏది ఎంత పని చేస్తోంది అన్న ప్రశ్నకు కొలతలతో జవాబు వెతకడమే ఈ డైరీ పని. ఇంట్లో ఎవరికైనా ఇదే చేయదలచినవారు నేరుగా దశ 8లోని క్రమాన్ని తీసుకోవచ్చు, కానీ దానికి ముందు దశ 1 తప్పక చదవాలి.

దశ 1. ముందుగా తేల్చుకోవలసినవి

మెడ మీద చేయి వేయడానికి ముందు వైద్యుని మాట అవసరం. ఫిజియోథెరపిస్టు మాకు ఇచ్చిన జాబితాను కొంచెం కుదించి రాస్తున్నాను.

1. చేతుల్లోకి పాకే తిమ్మిరి, పట్టు తగ్గడం, నడకలో తూలు, జ్వరంతో కలిసిన మెడనొప్పి, ఈమధ్య కిందపడి దెబ్బ తగలడం, గతంలో క్యాన్సర్ ఉండటం: వీటిలో ఏది ఉన్నా ముందు పరీక్ష, ఆ తరువాతే మర్దన మాట.
2. ఒక కాలి పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ కాలిని ఒత్తితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది కనుక ఆసుపత్రికి వెళ్లాలి.
3. రక్తం పలచబరిచే మందులు వాడేవారికి గట్టి ఒత్తిడితో చర్మం కమిలిపోతుంది. ఎముకలు గుల్లబారినవారికి వెన్ను మీద, పక్కటెముకల మీద బరువు వేయకూడదు.
4. మెడ ముందు భాగాన్ని, నాడి కొట్టుకునే పక్క భాగాలను ఎవరికీ ఒత్తకూడదు. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు అక్కడ చర్మానికి చాలా దగ్గరగా ఉంటాయి.
5. పుండ్లు, దద్దుర్లు, చర్మవ్యాధి ఉన్న చోటును వదిలేయాలి.

మర్దన మాత్రమే మారాలి, మిగతావి మారకూడదు అన్న నియమం కూడా మొదటే పెట్టుకున్నాము. ఆమె అప్పటికే చేస్తున్న మెడ వ్యాయామాలను, దిండును, పడుకునే వేళను అలాగే ఉంచాము. నొప్పి మాత్ర వేసుకున్న రోజును పట్టికలో గుర్తుపెట్టాము. ఇది చేయకపోతే ఫలితం వచ్చాక అది దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

దశ 2. కూర్చునే తీరు

బోర్లా పడుకోబెట్టి చేయడం మొదటి పద్ధతి. అది పనికిరాలేదు. ముఖం పెట్టుకోవడానికి రంధ్రం ఉన్న బల్ల లేనప్పుడు, బోర్లా పడుకున్న మనిషి ఊపిరి కోసం తలను ఒక పక్కకు తిప్పి ఉంచక తప్పదు. నొప్పి ఉన్న మెడను పావుగంట సేపు మెలితిప్పి ఉంచి, దానినే వదులు చేయాలని చూడటం అర్థం లేని పని. లేచాక ఆమెకు కళ్లు తిరిగినట్టు కూడా అనిపించింది. పైగా మంచం ఎత్తు 45 సెంటీమీటర్లే కావడం వల్ల నా నడుము వంగిపోయి, చేసేవారికి మరో నొప్పి మొదలయ్యేటట్టు కనిపించింది.

మార్చిన ఏర్పాటు ఇది.

1. చేతులు లేని కుర్చీలో బల్ల వైపు తిరిగి కూర్చోబెట్టాలి. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి.
2. బల్ల మీద రెండు దిండ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన చుట్టిన తువ్వాలును గుండ్రంగా అమర్చాలి. నుదురు ఆ తువ్వాలు మీద ఆనుతుంది, ముక్కుకు గాలి ఆడుతుంది.
3. ముంజేతులు దిండుకు రెండు పక్కలా బల్ల మీద ఉండాలి. గాలిలో వేలాడే చేతులు భుజాలను కిందికి లాగుతాయి, అప్పుడు కండరం వదులు కాదు.
4. చేసే మనిషి వెనుక నిలబడి ఒక పాదం ముందుకు వేసుకోవాలి.

మా బల్ల ఎత్తు 74 సెంటీమీటర్లు, దిండ్లతో కలిపి నుదురు ఆనే చోటు 94. ఈ అంకెలు మీకు సరిపోకపోవచ్చు. మెడ వెనుక భాగం దాదాపు సాపుగా, గడ్డం ఛాతీకి ఆనకుండా ఉంటే ఎత్తు సరిపోయినట్టే.

*ఇప్పటివరకు: మర్దన 60 నిమిషాలు, నూనె 40 మి.లీ. అత్తగారు నోటితో చెప్పిన నొప్పి అంకె (0 అంటే లేదు, 10 అంటే భరించలేనిది) 6 నుంచి 4కు.*

దశ 3. ఒత్తిడిని తూచడం

"కొంచెం గట్టిగా", "మెల్లగా" అన్న మాటలతో పని జరగదని త్వరలోనే తెలిసింది. నాకు మెల్లగా అనిపించినది ఆమెకు గట్టిది, మరునాడు అదే ఒత్తిడి ఆమెకు చాలడం లేదు. అందుకని బరువు చూసే డిజిటల్ తూకాన్ని బల్ల మీద పెట్టి, మడిచిన దుప్పటి దాని మీద పరిచి, దుప్పటి బరువు పోయేలా సున్నా చేసి, చేతులతో ఒత్తి చూసుకున్నాను. అంకెలు ఆశ్చర్యం కలిగించాయి. నేను మధ్యస్థం అనుకున్న ఒత్తిడి 5 కిలోలు దాటుతోంది. బొటనవేలి మొనతో ఒత్తినప్పుడు అదే బరువు గోరంత చోట పడుతుంది కనుక ఆమె ఉలిక్కిపడటంలో వింత లేదు.

మూడు స్థాయిలు నిర్ణయించుకుని, కళ్లు మూసుకుని కూడా అనుకున్న అంకెకు అరకిలో తేడాలో రాగలిగే దాకా తూకం మీద సాధన చేశాను.

1. నిమిరే స్థాయి: 200 గ్రాముల లోపు. దీనికి వంటింటి తూకం వాడాలి, మనిషి బరువు చూసే తూకం ఇంత తక్కువను చూపదు.
2. పిసికే స్థాయి: 1.5 నుంచి 2 కిలోలు, అరచేతి మడమతో.
3. నిలిపి ఒత్తే స్థాయి: 3 కిలోలు, వదులుగా మూసిన పిడికిలి వెడల్పు భాగంతో, 20 సెకన్లు. ఆమె విషయంలో ఇదే పై హద్దు.

బలం చేతి నుంచి కాక శరీరం బరువు నుంచి రావాలన్నది ఇక్కడ ముఖ్యమైన మార్పు. మోచేతులను సాపుగా ఉంచి ముందు పాదం మీదికి ఒరిగితే తూకం మీద అంకె నిలకడగా ఉంటుంది. భుజంతో నెడితే అంకె 2కు, 4కు మధ్య ఊగుతుంది. ఆ ఊగడాన్నే పైన ఉన్న కండరం దాడిగా భావించి బిగుసుకుంటుందని ఫిజియోథెరపిస్టు చెప్పారు. తూకాన్ని చూసిన తరువాత ఆ మాటను నమ్మడానికి నాకు వేరే ఆధారం అవసరం కాలేదు.

ఒత్తితే నొప్పి ఎందుకు తగ్గుతుందన్నదానికి రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించిన ద్వారసిద్ధాంతం ఇప్పటికీ మంచి మొదటి జవాబు. స్పర్శను, ఒత్తిడిని మోసే మందమైన నాడీతంతువులు చురుకైనప్పుడు, సన్నని తంతువులు తెచ్చే నొప్పి సంకేతాలు వెన్నుపాములోనే కొంతవరకు అణగిపోతాయి. తరువాతి పరిశోధనలు వివరాల్లో చాలా మార్పులు చేశాయి కానీ మూలభావన నిలిచింది. దెబ్బ తగిలిన చోటును ఎవరూ చెప్పకుండానే రుద్దుకుంటాము కదా. ఈ మార్గంలో ఉపశమనం రావడానికి కండరాన్ని చితక్కొట్టవలసిన అవసరం లేదు.

దశ 4. వేగం

ఈ దశకు నేను పెట్టుకున్న సమయం తక్కువ, పట్టిన సమయం ఎక్కువ. చేతిని ఫోనుతో వీడియో తీసి చూస్తే, తల వెనుక వెంట్రుకల అంచు నుంచి భుజం కొస వరకు ఉన్న 24 సెంటీమీటర్ల దూరాన్ని నా చేయి 2 సెకన్లలో దాటేస్తోంది. అంటే సెకనుకు 12 సెంటీమీటర్లు.

వెంట్రుకలున్న చర్మంలో సి-ట్యాక్టైల్ అనే సన్నని నాడీతంతువులు ఉంటాయి. అవి సంకేతాన్ని సెకనుకు సుమారు ఒక మీటరు వేగంతో, చాలా నింపాదిగా మోస్తాయి. వస్తువును గుర్తించడానికి అవి పనికిరావు, మెల్లని స్పర్శలోని హాయికి మాత్రం వాటితో సంబంధం ఉంది. 2009లో నేచర్ న్యూరోసైన్స్ పత్రికలో వచ్చిన ప్రయోగంలో మెత్తని బ్రష్‌తో వేర్వేరు వేగాలతో నిమిరి, ఒక్కొక్క తంతువులోని సంకేతాలను నమోదు చేశారు. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల మధ్య వేగానికి ఈ తంతువులు ఎక్కువగా స్పందించాయి, అంతకన్న వేగమైనా, అంతకన్న నెమ్మదైనా స్పందన తగ్గింది. మనుషులు హాయిగా ఉందని చెప్పిన వేగాలు కూడా దాదాపు అవే. అక్కడ వాడిన బలం 0.4 న్యూటన్లు మించలేదు, అంటే సుమారు 40 గ్రాముల బరువు. సాధారణంగా చెప్పే ఉత్తమ వేగం సెకనుకు 3 సెంటీమీటర్లు.

ఆ లెక్కన నా 24 సెంటీమీటర్లకు 8 సెకన్లు పట్టాలి. ఫోనులో మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి, ఒక్కో నిమిరుకు 8 దెబ్బలు లెక్కపెట్టాను. మొదట్లో ఆ నెమ్మది చేసేవారికి దుర్భరంగా ఉంటుంది. చేయి నాలుగో దెబ్బకే భుజం దాటిపోవాలని చూస్తుంది. ఆ టిక్కుటిక్కు శబ్దం అత్తగారికి చిరాకు తెప్పించింది కనుక శబ్దం తీసేసి ఫోను వణుకును మాత్రం ఉంచి, దానిని జేబులో వేసుకున్నాను. కొంతకాలానికి ఫోను లేకుండానే 7 నుంచి 9 సెకన్ల మధ్య వస్తోంది, అది చాలు.

నూనె గురించి ఎక్కువ రాయవలసినది లేదు. వాసన లేనిది ఏదైనా పనికొస్తుంది, ముందురోజు మోచేతి లోపలి వైపు రెండు చుక్కలు రాసి దురద రాదని చూసుకోవాలి. మొదట 10 మి.లీ. వాడితే చేయి జారిపోయి, పిసికే స్థాయిలో పట్టు దొరకలేదు, 5కు తగ్గించాను. చేతుల వేడి మాత్రం నిర్లక్ష్యం చేయకూడదు. ఇవే తంతువులు చర్మం మామూలు వేడి అయిన 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర బాగా స్పందిస్తాయి, నా వేళ్లు కొన్ని రోజుల్లో 26 దగ్గర ఉండేవి. గోరువెచ్చని నీటిలో 2 నిమిషాలు ఉంచి తుడుచుకుంటే సరిపోతుంది. నుదుటి జ్వరం చూసే పరికరం లోపలే సవరణ చేసి శరీరపు వేడిగా మార్చి చూపుతుంది కనుక, వేళ్ల వేడి చూడటానికి దానిలో వస్తువుల ఉపరితలం చూసే మీటను ఎంచుకోవాలి.

*ఇప్పటివరకు: మర్దన 180 నిమిషాలు, నూనె 80 మి.లీ. నోటి అంకె 2.5.*

దశ 5. నోటి అంకెలను కొట్టివేయడం

ఆరు నుంచి రెండున్నరకు పడిపోయిన నొప్పి నాకు నమ్మదగినదిగా అనిపించలేదు. ఎందుకంటే ఉదయం ఆమె తల తిప్పే తీరులో అంత మార్పు కనిపించడం లేదు. మా ఆయన ఒక ఉదయం మామూలుగా పలకరిస్తే, రాత్రంతా కుడివైపు ఒత్తిగిల్లలేకపోయానని ఆమె ఆయనతో చెప్పారు. ముందురోజు సాయంత్రం నా పట్టికలో ఉన్న అంకె 2.

నేను అడిగాను. "అత్తయ్యా, నిన్న రెండు అన్నారు కదా?"

"అంతసేపు నిలబడి చేశావు. ఆరు అంటే బాగుంటుందా అమ్మాయ్?"

ఇంట్లో చేసే ఏ మర్దన ప్రయోగమైనా ఇక్కడే చెడుతుందని నా అభిప్రాయం. చేతితో సేవ చేసిన మనిషే ఎదురుగా నిలబడి ఎలా ఉందని అడిగితే వచ్చేది నొప్పి కొలత కాదు, మర్యాద. దానిని సరిచేయడానికి చేసిన మార్పులు ఇవి.

1. అంకెను మర్దన అయిన వెంటనే కాక, మరునాడు ఉదయం మంచం దిగే ముందు రాయాలి.
2. ఆమే చీటీ మీద రాసి, తేదీ వేసి, మూతకు సన్నని చీలిక ఉన్న డబ్బాలో వేయాలి.
3. డబ్బాను వారానికి ఒకసారి మా ఆయన తెరిచి పట్టికలో ఎక్కించాలి. ఆ దశ పూర్తయ్యే వరకు నేను చూడకూడదు.
4. మాటతో సంబంధం లేని కొలత ఒకటి ఉండాలి. తలను కుడివైపు పూర్తిగా తిప్పినప్పుడు గడ్డం కొన నుంచి భుజం కొస ఎముక వరకు దూరాన్ని టేపుతో మూడుసార్లు కొలిచి, మధ్య అంకెను తీసుకోవాలి. దూరం తగ్గితే మెడ ఎక్కువ తిరుగుతున్నట్టు.

టేపు కొలతలో కూడా లోపం ఉంది. అదే పూట రెండుసార్లు కొలిస్తే సుమారు ఒక సెంటీమీటరు తేడా వస్తోంది. కాబట్టి ఒక సెంటీమీటరు లోపు మార్పును మార్పుగా లెక్కించలేదు.

మర్దన పూర్తిగా ఆపి ఒక వారం చీటీలు మాత్రమే వేయించాము. వచ్చిన సగటు 5.6, గడ్డం నుంచి భుజానికి 17 సెంటీమీటర్లు. అంతకుముందు రాసిన నోటి అంకెలన్నింటినీ అడ్డంగా గీత గీసి కొట్టేశాను.

దశ 6. మూడు చీటీల పోలిక

అసలు ప్రశ్న ఇప్పుడు మొదలైంది. ఇరవై నిమిషాల పాటు ఒక మనిషి మరో మనిషిని పట్టించుకుంటే చాలదా, మర్దనే కావాలా? దీనికోసం మూడు రకాల రోజులు ఏర్పాటు చేశాము. కుర్చీ, దిండ్లు, వేళ, 20 నిమిషాల వ్యవధి మూడింటికీ ఒకటే.

1. మాటలు మాత్రమే: ఆమె అదే భంగిమలో కూర్చుంటారు, నేను పక్కన కూర్చుని మాట్లాడతాను, తాకను.
2. చేయి మాత్రమే: వెచ్చని అరచేతులు రెండూ భుజాల మీద కదపకుండా ఉంచుతాను.
3. మర్దన: 3, 4 దశల్లో చెప్పిన ఒత్తిడి, వేగం.

ఒక్కోదానికి తొమ్మిది చొప్పున చీటీలు రాసి కవరులో కలిపి, రోజుకొకటి తీశాము. చీటీ తీసే వరకు ఇద్దరికీ తెలియకూడదన్నదే నియమం. ఫలితాల సగటు ఇది.

మాటలు మాత్రమే: ఉదయం నొప్పి 5.2, గడ్డం నుంచి భుజానికి 16.5 సెం.మీ., నిద్ర పట్టడానికి 48 నిమిషాలు.
చేయి మాత్రమే: 4.7, 16.2 సెం.మీ., 31 నిమిషాలు.
మర్దన: 3.9, 14.8 సెం.మీ., 29 నిమిషాలు.

మెడ తిరగడంలో మర్దనకు, మిగతా రెండింటికి మధ్య తేడా టేపు లోపాన్ని దాటింది. నిద్ర విషయంలో కదలని చేయి దాదాపు మర్దనతో సమానంగా నిలిచింది. దీనిని నేను ఊహించలేదు. నిద్ర పట్టిన వేళ ఆమె గడియారం చూసి చెప్పిన అంచనా కనుక దానికి పట్టికలో తక్కువ విలువ ఇస్తున్నాను. మరో లోపం కూడా ఉంది. మంగళవారం చేసిన మర్దన ప్రభావం బుధవారం నాటి "మాటలు మాత్రమే" రోజులోకి పారుతుంది కనుక, నిజమైన తేడా ఇక్కడ కనిపించినదానికన్న కొంచెం పెద్దదే కావచ్చు. ఒక్క మనిషి మీద చేసిన లెక్క ఇది, ఇంకొకరికి ఇవే అంకెలు వస్తాయని అనుకోకూడదు.

కదలని చేయి పని చేయడం మాత్రం కొత్త సంగతి కాదు. కొలంబియాలోని బొగొటా నగరంలో 1970ల చివర ఎడ్గార్ రే అనే వైద్యుడు ప్రారంభించిన కంగారూ పద్ధతిలో ఏ ఒత్తడమూ, నిమరడమూ లేదు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తల్లి ఛాతీకి చర్మానికి చర్మం ఆనేలా ఉంచుతారు, తల్లిపాలు పడతారు. భారతదేశంతో సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో జరిగి 2021లో ప్రచురితమైన పరీక్షలో, పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెట్టిన బిడ్డల్లో 28 రోజులలోపు మరణాలు 12 శాతం, పరిస్థితి కుదుటపడేదాకా ఆగి మొదలుపెట్టిన బిడ్డల్లో 15.7 శాతం. పెద్దల విషయంలో 2006 నాటి ఒక చిన్న మెదడు చిత్రణ ప్రయోగం ఉంది. కరెంటు షాకు తగలవచ్చని చెప్పి స్కానరులో పడుకోబెట్టిన 16 మంది వివాహితల్లో, భర్త చేయి పట్టుకున్నప్పుడు ప్రమాదానికి స్పందించే మెదడు ప్రాంతాల చురుకుదనం తగ్గింది. అపరిచితుని చేయి కూడా కొంత పనిచేసింది, కానీ అంతగా కాదు.

ఈ ఫలితం చూశాక క్రమంలో ఒక మార్పు చేశాను. మర్దనకు ముందు 2 నిమిషాలు, తరువాత 3 నిమిషాలు చేతులను కదపకుండా ఉంచడం చేర్చాను. మొదటి 2 నిమిషాల్లో ఆమె భుజాలు వాటంతట అవే కొంచెం కిందికి దిగుతాయి. ఊపిరి వదిలినప్పుడు అరచేతుల కింద అది స్పష్టంగా తెలుస్తుంది. ఆ దిగడం రాకముందు పిసకడం మొదలుపెడితే కండరం ఎదురుతిరుగుతుంది.

*ఇప్పటివరకు: మర్దన 360 నిమిషాలు, కదలని చేయి 180 నిమిషాలు, నూనె 125 మి.లీ. మర్దన రోజుల చీటీ సగటు 3.9.*

దశ 7. మోతాదు, చేసేవారి బొటనవేలు

రోజూ 20 నిమిషాలు చేయాలా, వారానికి తక్కువసార్లు ఎక్కువసేపు చేయాలా? దీర్ఘకాలిక మెడనొప్పి ఉన్న 228 మందితో 2014లో ప్రచురితమైన ఒక పరీక్ష ఈ ప్రశ్ననే అడిగింది. నాలుగు వారాల పాటు వేర్వేరు మోతాదుల్లో మర్దన చేస్తే, వారానికి రెండు మూడుసార్లు గంటసేపు చేయించుకున్నవారికి ఎక్కువ మేలు కలిగింది, అరగంట చొప్పున చేయించుకున్నవారికి ఏమీ చేయించుకోనివారికన్న చెప్పుకోదగ్గ మేలు కలగలేదు. అయితే అక్కడ చేసినవారు శిక్షణ పొందిన మర్దన చికిత్సకులు. గంటసేపు చేయడం వారికి వృత్తి, నాకు కాదు.

గంట మోతాదు మొదటిసారి ప్రయత్నించినప్పుడు నలభై నిమిషాలు దాటేసరికి నా కుడి బొటనవేలి మొదట నొప్పి మొదలై రెండు రోజులు పోలేదు. అందువల్ల బొటనవేలిని పనిలో నుంచి పూర్తిగా తీసేశాను. దాని స్థానంలో వాడినవి:

1. భుజం పైకండరానికి ముంజేతి మెత్తని భాగం. మోచేతి మొన తగలకూడదు.
2. రెక్క ఎముకకు, వెన్నెముకకు మధ్య భాగానికి వదులు పిడికిలి. వెన్నుపూసల మీద ఎప్పుడూ కాదు, వాటికి రెండు వేళ్ల దూరంలో.
3. తల వెనుక అంచు కింద నాలుగు వేళ్లను కొద్దిగా వంచి, తల బరువునే వాటి మీద ఆననివ్వడం. ఒత్తడం మన పని కాదు, తల బరువు చూసుకుంటుంది.

ప్రతి పావుగంటకు ఒకసారి 3 నిమిషాలు కదలని చేయిగా మారిస్తే గంట పూర్తిచేయడం సాధ్యమైంది. ఇలా వారానికి రెండు గంటల చొప్పున నాలుగు వారాలు చేశాను. మిగిలిన రోజుల్లో నిద్రకు ముందు 5 నిమిషాలు చేయి మాత్రమే ఉంచాను. నాలుగో వారం చీటీల సగటు 3.1, గడ్డం నుంచి భుజానికి 13.6 సెంటీమీటర్లు, నొప్పి మాత్ర వేసుకున్న రోజులు మొదటి వారంలో 3, చివరి వారంలో 1.

ఈ 5 నిమిషాల కొసరును వదలకపోవడానికి కారణం 2024లో నేచర్ హ్యూమన్ బిహేవియర్‌లో వచ్చిన పెద్ద సమీక్ష. 137 అధ్యయనాల అంకెలను కలిపి చూసిన ఆ సమీక్షలో, ఒక్కోసారి ఎంతసేపు తాకారన్నదానికన్న ఎన్నిసార్లు తాకారన్నదే పెద్దవారి ఫలితాలతో ఎక్కువగా ముడిపడింది. మెడనొప్పి పరీక్షకు, దీనికి పైకి పొసగనట్టు కనిపిస్తుంది. కానీ ఒకటి మెడను మాత్రమే చూసింది, మరొకటి ఆందోళన, కుంగుబాటు, నొప్పి వంటి అనేక ఫలితాలను కలిపి చూసింది. అందుకే రెండింటినీ తీసుకున్నాను.

అదే సమీక్షలో వస్తువుల, యంత్రాల స్పర్శ శారీరక ఫలితాల్లో మనిషి స్పర్శకు దగ్గరగా వచ్చింది, మానసిక ఫలితాల్లో వెనుకబడింది. ఇంట్లో ఉన్న వణికే మర్దన యంత్రాన్ని మేమూ కొన్నిసార్లు వాడి చూశాము. మెడ కొంచెం వదులైందని, కానీ దాని మోతకు నిద్ర ఎగిరిపోయిందని అత్తగారు అన్నారు. దానిని పక్కన పెట్టేశాము.

*ఇప్పటివరకు: మర్దన 840 నిమిషాలు, అంటే 14 గంటలు. నూనె 245 మి.లీ. చీటీ సగటు 5.6 నుంచి 3.1కు.*

మొదట్లో నేను రాసుకున్న కారణాల జాబితాలో నుంచి కొన్నింటిని ఇక్కడ తీసేస్తున్నాను. మర్దన కండరాల్లోని లాక్టిక్ ఆమ్లాన్ని బయటికి తోస్తుందన్నది నిలబడలేదు. 2012లో కఠిన వ్యాయామం తరువాత ఒక కాలికి మాత్రమే మర్దన చేసి, రెండు కాళ్ల కండరం ముక్కలను పరీక్షించినప్పుడు లాక్టేట్‌లో తేడా లేదు. వాపును ప్రేరేపించే సంకేతాలు మాత్రం మర్దన చేసిన కాలిలో తక్కువగా ఉన్నాయి. విషపదార్థాలు కరిగి పోతాయన్న మాటకు కొలవగల అర్థమే లేదు. మానసిక ఒత్తిడిలో పెరిగే హార్మోను కార్టిసాల్ బాగా పడిపోతుందన్నది చాలాచోట్ల కనిపిస్తుంది కానీ, అధ్యయనాలను కలిపి లెక్కించిన క్రిస్టఫర్ మోయర్ బృందానికి ఆ తగ్గుదల చాలా స్వల్పంగా కనిపించింది. ఆందోళన తగ్గడం అంతకన్న గట్టి ఆధారం ఉన్న ఫలితం. ఇక నడుమునొప్పి ఉన్న 401 మందితో 2011లో వచ్చిన పరీక్షలో, కండరాలను గుర్తించి చేసే ప్రత్యేక మర్దన, మామూలు హాయి మర్దన రెండూ దాదాపు ఒకేలా పనిచేశాయి. శిక్షణ లేని చేతులకు ఇంతకన్న ధైర్యం ఇచ్చే ఫలితం నాకు కనబడలేదు.

దశ 8. ప్రస్తుత క్రమం

1. ఈరోజు చేయనా అని అడగాలి. వద్దంటే ఆ రోజు వదిలేయాలి, కారణం అడగకూడదు.
2. జ్వరం, కొత్త తిమ్మిరి, కళ్లు తిరగడం లేవని చూడాలి.
3. చేతులను గోరువెచ్చని నీటిలో 2 నిమిషాలు ఉంచి తుడుచుకోవాలి. ఉంగరాలు, గాజులు తీసేయాలి, గోళ్లు వేలి కొన దాటకూడదు.
4. కదలని చేయి, 2 నిమిషాలు లేదా భుజాలు దిగే వరకు.
5. నిమరడం, 8 సెకన్లకు ఒకటి, రెండు వైపులా కలిపి 8 నిమిషాలు.
6. పిసకడం, 1.5 నుంచి 2 కిలోలు, ఒక్కో వైపు 10 నిమిషాలు.
7. నిలిపి ఒత్తడం, 3 కిలోలు, 20 సెకన్ల చొప్పున, ఒక్కో వైపు నాలుగైదు చోట్లకు మించకుండా. నొప్పి చేతిలోకి పాకితే వెంటనే ఆపాలి.
8. తల వెనుక అంచు కింద వేళ్లు, 5 నిమిషాలు.
9. మళ్లీ నిమరడం, 8 నిమిషాలు. చివర కదలని చేయి, 3 నిమిషాలు. మధ్యలో తీసుకునే విరామాలతో కలిపి గంట పూర్తవుతుంది.
10. వెంటనే లేపకూడదు. నిటారుగా 2 నిమిషాలు కూర్చున్నాకే నిలబడాలి.
11. ఎలా ఉందని అడగకూడదు. చీటీ మరునాటి ఉదయానిదే.

పదకొండోది పాటించడమే అన్నింటికన్న కష్టం.

దశ 9. ఇంకా జరుగుతున్నది

ఇంతవరకు వచ్చిన మెరుగు నా చేతులకు సంబంధించినదా, క్రమానికి సంబంధించినదా అన్నది తేలలేదు. పైన చెప్పిన 2024 సమీక్షలో పసికందులకు తల్లిదండ్రుల స్పర్శ ఎక్కువ మేలు చేసింది, పెద్దవారిలో మాత్రం తాకేది దగ్గరివారా, ఆరోగ్య సిబ్బందా అన్న తేడా పెద్దగా కనబడలేదు. అది మా ఇంట్లో ఎలా ఉంటుందో చూడటానికి మా ఆయన ఈ క్రమాన్ని నేర్చుకుంటున్నారు. వారంలోని రెండు గంటల్లో ఒకటి ఆయనకు, ఒకటి నాకు చీటీ తీసి పంచుతాము. డబ్బా తెరిచే పని ఇప్పుడు మా అమ్మాయికి అప్పగించాము, ఎందుకంటే చేతులు వేసే ఇద్దరూ అంకెలు చూడకూడదు.

తూకం మీద ఆయన ఒత్తిడి మొదటిరోజు 7 కిలోలు చూపింది, ఇప్పుడు 3.5కు వచ్చింది. నిమిరే వేగం ఇంకా సెకనుకు 7 సెంటీమీటర్ల దగ్గరే ఉంది. అది 3కు, ఒత్తిడి 3 కిలోలకు వచ్చే వరకు ఆయన గంటలను సాధన కిందే రాస్తాను, పోలికలోకి తీసుకోను.